పది వరసల పరీక్షకు ఒక్క లైను బిల్లు

హైదరాబాద్‌లో నరాల పరీక్ష చేసే ఒక సెంటర్‌కి అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. పరీక్ష చేసిన గదికైతే అయిదుకి అయిదు. తగ్గించిన ఆ ఒక్కటి బిల్లు కౌంటర్ వల్ల. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి, ఓపిక చేసుకుని చదవండి. చేతులు తిమ్మిరెక్కుతున్నాయని వెళ్తే డాక్టర్ "ఎన్‌సీఎస్ చేయించుకుని రండి" అని చిట్టీ రాసిచ్చిన వాళ్లకి ఇది తప్పకుండా పనికొస్తుంది. ఎన్‌సీఎస్ అంటే నరాల్లో కరెంట్ ఎంత వేగంగా వెళ్తోందో చూసే పరీక్ష.

నేను మెడికల్ కోడర్‌ని. ఖమ్మం నుంచి 2014లో వచ్చి అమీర్‌పేట్‌లో హాస్టల్లో ఉండి నేర్చుకున్నాను. కోడర్లకి సర్టిఫికెట్ ఇచ్చే సీపీసీ పరీక్ష రాశాను. అప్పట్లో 150 ప్రశ్నలు, 5 గంటల 40 నిమిషాలు. అప్పట్నుంచీ హైటెక్ సిటీ వైపే ఉద్యోగం, అందులో ఎక్కువ కాలం న్యూరాలజీ చార్టులే. అమెరికాలో ఒక పేషెంటుకి చేసిన నరాల పరీక్ష రిపోర్టు నా స్క్రీన్ మీదకి వస్తుంది. ఏ నరానికి ఏ పరీక్ష చేశారో వరస వరసగా లెక్కపెట్టి, బిల్లు కోసం దానికి ఉన్న కోడ్ నంబరు వేసి పంపిస్తాను. ఇన్నేళ్లలో ఇలాంటి రిపోర్టులు ఎన్ని చూశానో చెప్పలేను. కానీ ఆ పరీక్ష చేసే మెషీన్‌ని మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. పోయిన నవంబర్‌లో నేనే ఆ బల్ల మీద పడుకోవాల్సి వచ్చింది.

దసరా తర్వాత మొదలైంది. రాత్రి రెండింటికో మూడింటికో కుడి చేయి మొద్దుబారిపోయి మెలకువ వచ్చేది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మూడూ చీమలు పాకినట్టు ఉండేవి. చేయి గట్టిగా విదిలిస్తే కాసేపటికి తగ్గేది. మూసాపేట నుంచి ఆఫీసుకి బండి మీద వెళ్తే జేఎన్‌టీయూ దాటేసరికి యాక్సిలరేటర్ పట్టుకున్న చేయి నాది కాదన్నట్టు అయిపోయేది. ఒకరోజు పొద్దున చపాతీ కర్ర చేతిలోంచి జారి కాలి మీద పడింది. అప్పుడు భయం వేసి కూకట్‌పల్లిలో న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాను. ఆయన మణికట్టు మీద వేలితో తట్టారు. రెండు మణికట్లూ వంచి ఒక నిమిషం పట్టుకోమన్నారు. నిమిషం నిండకుండానే కుడి చేతికి తిమ్మిరి వచ్చింది. షుగరు, థైరాయిడ్ చూపించారు, రెండూ మామూలుగానే ఉన్నాయి. అప్పుడు చిట్టీ మీద రాశారు: ఎన్‌సీఎస్, రెండు చేతులు, ఆర్/ఓ సీటీఎస్.

ఆ చివరి మాట దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. ఆర్/ఓ అంటే రూల్ అవుట్, అనుమానం ఉంది తేల్చమని. మా పనిలో ఓపీ పేషెంటు చార్టులో అనుమానంగా రాసిన జబ్బుకి కోడ్ వేయకూడదు. తేలేదాకా లక్షణానికే వేయాలి. సీటీఎస్ అంటే కార్పల్ టనెల్ సిండ్రోమ్, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయే జబ్బు. అదే అని తేలితే కుడి చేతికి జి56.01, ఎడమకి జి56.02, రెండింటికీ అయితే జి56.03. తేలకపోతే తిమ్మిరికి ఆర్20.2. ఆ చిట్టీ పట్టుకుని మెట్లు దిగుతుంటే, ఇంకా నేను ఆర్20.2లోనే ఉన్నాను కదా అనుకున్నాను. నవ్వు రాలేదు. ఒక జబ్బు పేరు ఖాయమయ్యే ముందు మనిషి ఎంత గాభరాగా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది.

మొదట వెళ్లింది ఈ సెంటర్‌కి కాదు. వేరే చోటికి. అక్కడ రిసెప్షన్‌లో అమ్మాయి చిట్టీ చూడకుండానే "ఫోర్ లింబ్స్ విత్ ఈఎంజీ ప్యాకేజీ ఉంది మేడమ్, 6,500, అదే చేయించుకోండి, డాక్టర్లు మళ్లీ అడుగుతారు" అంది. అంటే రెండు చేతులకి, రెండు కాళ్లకి, పైన ఈఎంజీ అనే సూది పరీక్ష కూడా. నా కాళ్లకి ఏమీ లేదు, డాక్టర్ రెండు చేతులే రాశారు అన్నాను. "ప్యాకేజీలో అయితే చీప్ పడుతుంది కదా" అంది. చేయనవసరం లేని పరీక్ష చీప్‌గా దొరికితే మాత్రం నాకెందుకు? వెనక్కి వచ్చేశాను. మన దగ్గర చాలామంది అలా వెనక్కి రాలేరు. పక్కన భర్తో కొడుకో ఉంటే "సరే, అన్నీ చేయించేద్దాం" అంటారు. అది ప్రేమతోనే అంటారు, నాకు తెలుసు. డాక్టర్ రాసిన దానికంటే ఎక్కువ చేస్తామంటే ఒక్క ప్రశ్న అడగండి: ఏ నరాలు చూస్తారు, ఎందుకు చూస్తారు? జవాబు లేకపోతే బయటికి వచ్చేయండి.

మా ఆఫీసులో ఒక అక్క ఈ సెంటర్ పేరు చెప్పింది. రెండో అంతస్తు. లిఫ్ట్ ఉంది గానీ నేను వెళ్లిన రెండుసార్లూ పనిచేయలేదు. ఫోన్‌లో అడిగితే "చిట్టీ ఫోటో పంపండి" అన్నారు, పంపిస్తే "రెండు చేతులు, పొద్దున పదికి రండి, చేతులకి క్రీమ్ రాసుకోవద్దు" అని మెసేజ్ పెట్టారు. చిట్టీ చదివి మాట్లాడారు అన్న ఒక్క విషయానికే నాకు సగం నమ్మకం కుదిరింది.

గది చిన్నది. ఒక బల్ల, ఒక మెషీన్, ఒక మానిటర్, గోడకి చేతి నరాల బొమ్మ. టెక్నీషియన్ యాభై దాటిన మనిషి. కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని నా చేయి పట్టుకుని చూశారు. "చేతులు మస్తు సల్లగున్నయమ్మా. ఇట్లనే చేస్తే నీ నరం మంచిగున్నా స్లో అని వస్తది. జర ఆగుదాం" అన్నారు. చర్మం మీద ఒక చిన్న ప్రోబ్ పెడితే 28.9 చూపించింది. ముప్పై రెండు దాటాలన్నారు. ఏసీ కట్టేసి, వేడినీళ్ల బ్యాగు టవల్లో చుట్టి నా రెండు అరచేతుల మధ్య పెట్టారు. పదిహేను నిమిషాలు ఊరికే కూర్చున్నాం. బయట ఇంకో ఇద్దరు పేషెంట్లు ఉన్నారు, అయినా తొందరపెట్టలేదు.

నేను కోడ్ చేసే రిపోర్టుల్లో చాలావాటిలో ఒక వాక్యం ఉంటుంది: చేతి ఉష్ణోగ్రత 32 డిగ్రీలకి తగ్గకుండా చూశాం అని. రోజూ చూసే వాక్యం, చదవకుండా దాటేసే వాక్యం. దాని వెనక ఒక వేడినీళ్ల బ్యాగు, ఒక టవల్, పదిహేను నిమిషాల ఓపిక ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది. చల్లటి చేతిలో నరం నెమ్మదిగా పనిచేస్తుంది. వేడి చేయకుండా పరీక్షిస్తే లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. అది ఎంత పెద్ద తప్పు అవుతుందో ఆలోచించండి. మణికట్టుకి ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు.

తర్వాత మొదలుపెట్టారు. బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉండే కండ మీద ఒక ఎలక్ట్రోడ్ అంటించారు, వేలి కణుపు మీద ఇంకొకటి, చేతి వెనక గ్రౌండ్‌ది. టేపు పెట్టి కొలిచి మణికట్టు మీద పెన్నుతో చుక్క పెట్టారు. "ఇప్పుడు చిన్నగ కొడ్తది, భయపడకు" అన్నారు. టిక్ అని ఒక దెబ్బ. బొటనవేలు దానంతటదే ఎగిరింది. కరెంట్ కొంచెం పెంచారు, ఇంకొంచెం పెంచారు. స్క్రీన్ మీద అల పెద్దదవుతూ ఒక చోట ఆగింది. ఇంక పెరగట్లేదని చూసి, ఇంకో మెట్టు పెంచి ఒకసారి చూసి, అప్పుడు ఆపారు. నరంలో ఉన్న పోగులన్నీ మేలుకున్నాయని తెలియడానికి అలా చేస్తారట. తర్వాత మోచేయి దగ్గర ఇంకో చుక్క, ఇంకో దెబ్బ. రెండు చుక్కల మధ్య దూరం 21 సెంటీమీటర్లు. మణికట్టు దగ్గర కొడితే 5.4 మిల్లీసెకన్లకి కండ కదిలింది, మోచేయి దగ్గర కొడితే 9.4కి. నేను పడుకునే లెక్క వేసుకున్నాను. తేడా 4 మిల్లీసెకన్లు, అంటే సెకనుకి 52.5 మీటర్లు. ముంజేతిలో నా నరం శుభ్రంగా పరిగెడుతోంది. మణికట్టు దాటేటప్పుడే నెమ్మదిస్తోంది. ఈ సెంటర్ షీట్ ప్రకారం అక్కడ 4.2 మిల్లీసెకన్లు దాటకూడదు.

ఇక్కడ నా పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే బిల్లు గొడవ అర్థం కాదు.

మన ఊళ్లో ఈ పరీక్షకి చేతికింత, కాలికింత అని రేటు. అమెరికాలో ఎన్ని పరీక్షలు చేశారన్న లెక్క మీద కోడ్ మారుతుంది. ఒకటి రెండైతే 95907. మూడు నాలుగైతే 95908. అలా రెండేసి చొప్పున పెరుగుతూ పోయి పదకొండు పన్నెండుకి 95912, పదమూడు, ఆపైన ఎన్నయినా 95913. రోజుకి ఒక్క కోడ్, ఒక్క యూనిట్. మా లీడ్ సార్ అంతకుముందు కాలం నుంచీ ఈ పనిలో ఉన్నారు. అప్పుడు మోటార్ నరానికి, అంటే కండని కదిలించేదానికి 95900, దానికే ఎఫ్ వేవ్ (ఇదేంటో కింద చెప్తాను) కూడా చేస్తే 95903, స్పర్శ తెలిపే సెన్సరీకి 95904 అని విడివిడిగా ఉండేవట. ఎన్ని నరాలైతే అన్ని యూనిట్లు వేసేవారట. 2013 జనవరి 1 నుంచి ఆ మూడూ ఎత్తేసి మొత్తం లెక్కకి ఒకటే కోడ్ పెట్టారు. "లెక్క ఒక్కటి తప్పినా కోడే మారిపోద్ది, కళ్లు పెట్టి చూడండమ్మా" అని కొత్తగా చేరిన ప్రతి బ్యాచ్‌కీ చెప్తారు.

ఆ లెక్క అనుకున్నంత తేలిక కాదు. ఒకే నరాన్ని మణికట్టు దగ్గర, మోచేయి దగ్గర, మోచేయి పైన మూడు చోట్ల కొట్టినా అది ఒకటే. అదే నరానికి మోటార్ వేరు, సెన్సరీ వేరు, రెండు. కుడి ఒకటి, ఎడమ ఒకటి. అందుకే ఇక్కడ రెండు వైపులా చేశారని 50 మాడిఫయర్ (రెండు వైపులా అని చెప్పే గుర్తు) పెట్టకూడదు, లెక్కలోనే రెండూ వచ్చేస్తాయి. వేళ్లకి వెళ్లే సెన్సరీ కొమ్మలు, మేం వాడే కోడ్ల పుస్తకం సీపీటీ వెనక అపెండిక్స్ జెలో విడివిడిగా రాసి ఉంటాయి. మీడియన్ నరం (మణికట్టులో నొక్కుకుపోయేది ఇదే) చూపుడువేలికి వెళ్లేది ఒకటి, ఉంగరపువేలికి వెళ్లేది ఇంకొకటి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను మణికట్టు, మోచేయి రెండు వరసలుగా కనిపించేసరికి రెండుగా లెక్కపెట్టేశాను. నాలుగు పరీక్షలు ఎనిమిది అయ్యాయి. ఆడిట్‌లో దొరికింది. ఎవరో పేషెంటుకి ఎక్కువ బిల్లు వెళ్లేదని ఆ రోజంతా తిండి సహించలేదు.

సరే, బల్ల దగ్గరికి వద్దాం. కుడి మీడియన్ మోటార్ అయ్యాక మెషీన్‌లో ఏదో మార్చి "ఇప్పుడు వరసగ పది కొడ్తది" అన్నారు. ఎఫ్ వేవ్. మణికట్టు దగ్గర కొట్టిన కరెంట్ నరం వెంట పైకి, వెన్ను దాకా వెళ్లి మళ్లీ కండ దాకా తిరిగి వస్తుంది. ఆ చిన్న తిరుగు అల ప్రతిసారీ ఒకేలా రాదు, అందుకని చాలాసార్లు కొట్టి చూస్తారు. ఒకటి, రెండు, మూడు. పది దాకా పళ్లు బిగబట్టి లెక్కపెట్టాను. 2013 తర్వాత ఎఫ్ వేవ్‌కి విడిగా లెక్క లేదు, మోటార్‌లోనే కలిసిపోతుంది. నేను ఎన్నో రిపోర్టుల్లో ఆ వరసని చూసి, లెక్కలోకి రాదని దాటి వెళ్లిపోయాను. ఆ రోజు పరీక్ష మొత్తంలో నాకు ఎక్కువ నొప్పి పుట్టింది ఆ పది దెబ్బలకే. నాలుగు మోటార్ నరాలకీ చేశారు, అంటే నలభై.

సెన్సరీ అంత నొప్పి లేదు. వేలికి ఉంగరాల్లాంటి చిన్న స్ప్రింగ్ చుట్టలు రెండు తొడిగి మణికట్టు దగ్గర కొడతారు. కుడి చూపుడువేలు, చిటికెనవేలు. ఎడమ చూపుడువేలు, చిటికెనవేలు. ఎడమ చూపుడువేలికి 3.6 మిల్లీసెకన్లు వచ్చింది. ఇక్కడ పరిమితి 3.5. టెక్నీషియన్ మానిటర్ వైపు చూస్తూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్లి డాక్టర్ గారిని పిలుచుకొచ్చారు. ఆవిడ చూసి "ఇది అటూ ఇటూగా ఉంది, ఉంగరపువేలు చూద్దాం" అన్నారు. ఉంగరపువేలికి రెండు నరాలూ వస్తాయి, ఒకవైపు మీడియన్, ఇంకోవైపు చిటికెనవేలికి వెళ్లే అల్నార్. ఒకే వేలికి, ఒకే దూరం నుంచి రెండింటినీ కొడితే రెండూ ఇంచుమించు ఒకేసారి చేరాలి. నాకు మీడియన్ 3.8, అల్నార్ 3.1. అర మిల్లీసెకను కంటే ఎక్కువ తేడా వస్తే అనుమానం తీరినట్టే. ఎడమ చేతికి కూడా మొదలైంది, ఇంకా కొంచెంగానే ఉంది. నాకు దాన్ని గురించి ఏ బాధా తెలియలేదు. ఆవిడ ఆ ఒక్క వేలు చూడమనకపోతే రిపోర్టులో ఎడమ చేయి సంగతి తేలకుండా ఉండిపోయేది.

కుడి చేతికి ఆ ఉంగరపువేలి పరీక్ష చేయలేదు. అక్కడ అప్పటికే తేలిపోయింది కాబట్టి అక్కర్లేదన్నారు. నాకు ఎంత సంతోషం వేసిందో మాటల్లో చెప్పలేను. మోటార్ నాలుగు, సెన్సరీ ఆరు. మొత్తం పది. అమెరికాలో ఈ పరీక్షలు చేసే డాక్టర్ల సంఘం వాళ్లు ఏ జబ్బుకి ఎన్ని పరీక్షలు సరిపోతాయో ఒక పట్టిక ఇచ్చారు. నూటికి తొంభై మందికి అంతకు మించి అవసరం పడదని వాళ్ల అంచనా. రెండు చేతుల కార్పల్ టనెల్‌కి ఆ పట్టికలో మోటార్ నాలుగు, సెన్సరీ ఆరు. హైదరాబాద్‌లో ఒక మెట్ల దారి రెండో అంతస్తులో, ఎవరూ కోడ్ అడగని చోట, ఎవరూ ఆడిట్ చేయని చోట, వాళ్లు ఆగాల్సిన చోట ఆగారు. నేనే కోడ్ వేసి ఉంటే 95911.

సూది పరీక్ష గురించి భయపడ్డాను. ఈఎంజీ అంటే కండలోకి సన్నటి సూది గుచ్చి వింటారు. ఆవిడ నా బొటనవేలి కండ నొక్కి చూసి, అల ఎత్తు చూసి "కండ తగ్గలేదు, అల బాగుంది. సూది అక్కర్లేదు" అన్నారు. రాత్రిపూట మణికట్టు పట్టీ కట్టుకుని, మీ డాక్టర్ గారికి రిపోర్టు చూపించండి అన్నారు. కీబోర్డు ఎలా పెట్టుకుంటున్నానో కూడా అడిగారు. నలభై అయిదు నిమిషాల పరీక్ష. టెక్నీషియన్ జెల్ మరకలన్నీ దూదితో తుడిచి, నా గాజులు నా చేతికి ఇచ్చారు.

ఇంతవరకూ అయిదు స్టార్లు.

బయట కౌంటర్‌లో బిల్లు ఇచ్చారు. ముందే 3,200 కట్టేశాను. బిల్లులో ఒక్కటే లైను: ఎన్‌సీఎస్/ఈఎంజీ, బోత్ అప్పర్ లింబ్స్, 1, రూ. 3,200. నాకు ఈఎంజీ చేయలేదు కదా అన్నాను. "సిస్టమ్‌లో అట్లనే వస్తది మేడమ్, రేటు ఒకటే" అన్నాడు కౌంటర్‌లో ఉన్న అబ్బాయి. మర్యాదగానే అన్నాడు. కానీ నేను కదల్లేదు.

ఆ అబ్బాయికి చెప్పిందే ఇక్కడా చెప్తున్నాను. ఈఎంజీ వేరే పరీక్ష. మా పనిలో దానికి 2012 నుంచి వేరే కోడ్లున్నాయి. ఎన్‌సీఎస్ చేసిన రోజే ఒక చేతికి కొన్ని కండలు మాత్రం చూస్తే 95885, అయిదు కండలు, ఆపైన పూర్తిగా చూస్తే 95886. చేయకుండా అవి వేస్తే, చేయని పనికి డబ్బు అడిగినట్టే. ఇక్కడ కోడ్లు లేకపోవచ్చు, కానీ కాగితం కాగితమే. నేను ఈ బిల్లుని మా కంపెనీ ఓపీ ఇన్సూరెన్స్‌కి పెడతాను. చిట్టీలో ఎన్‌సీఎస్ అని ఉంది, బిల్లులో ఈఎంజీ ఉంది, రిపోర్టులో ఈఎంజీ లేదు. అవతల కూర్చున్నది నాలాంటి మనిషే. మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తుంది, క్లెయిమ్ ఆపేస్తుంది. ఆపడమే సరైన పని కూడా. రేపు ఇంకో డాక్టర్ ఈ బిల్లు చూసి "ఈఎంజీ అయిపోయింది కదా, మళ్లీ ఎందుకు" అని వదిలేస్తే ఎవరి బాధ్యత?

ఇరవై నిమిషాలు పట్టింది. మేనేజర్ వచ్చారు, చిట్టీ చూశారు, లోపలికి వెళ్లి టెక్నీషియన్‌ని అడిగి వచ్చారు. ఎన్‌సీఎస్ ఒక్కటే అయితే 2,600 అని తేలింది. ఆరు వందలు తిరిగి ఇచ్చి, పాత బిల్లు మీద క్యాన్సిల్ అని రాసి, కొత్త బిల్లు ఇచ్చారు. గొడవపడలేదు, మొహం చిట్లించలేదు. అది మెచ్చుకోవాలి. కానీ నేను అడగకపోతే ఆ ఆరు వందలు పోయేవి. నాకంటే ముందు వెళ్లిన ఇద్దరిలో ఒకావిడ చదువుకోలేదు, బిల్లు మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆవిడకి సూది గుచ్చారో లేదో నాకు తెలియదు. ఆ సంగతి ఇప్పటికీ మనసులో తిరుగుతూనే ఉంది. అందుకే ఒక స్టార్ తగ్గించాను.

రిపోర్టు విషయంలో ఇంకొక మాట. సాయంత్రం ఇచ్చింది ఒకటే పేజీ: కుడి మణికట్టు దగ్గర మీడియన్ నరం ఒత్తిడి, ఒక మోస్తరు, ఎడమ, స్వల్పం. కింద సంతకం. ఏ నరాలు చూశారు, ఎన్ని చూశారు, ఏ నంబర్లు వచ్చాయి, ఏదీ లేదు. "డాక్టర్‌కి ఇదే చాలు మేడమ్" అన్నారు. చాలదు. ఆరు నెలలకి మళ్లీ చేయిస్తే ఆ 5.4 తగ్గిందా పెరిగిందా అని చూడాలంటే పాత నంబరు కావాలి కదా. మా దగ్గరికి పట్టిక లేని రిపోర్టు వస్తే మేం కోడ్ వేయం, వెనక్కి పంపి అడుగుతాం. పట్టిక లేకపోతే ఎన్ని చేశారో లెక్కపెట్టడానికే ఉండదు. నేను అడగగానే టెక్నీషియన్ బయటికి వచ్చి "అన్నీ ఉన్నయమ్మా, అడిగితే ఇస్తం" అని నాలుగు పేజీలు ప్రింట్ తీసి ఇచ్చారు. అలలు, నంబర్లు, చేతి ఉష్ణోగ్రత అన్నీ ఉన్నాయి. ఇంత చక్కగా రాసి పెట్టుకుని, అడిగిన వాళ్లకే ఇవ్వడం ఏమిటి? అందరికీ ఇవ్వండి. ఆ నాలుగు కాగితాలే మీరు ఎంత శ్రద్ధగా చేశారో చూపించేది.

జనవరిలో అమ్మని తీసుకెళ్లాను. అమ్మకి పన్నెండేళ్లుగా షుగరు. అరికాళ్లు మండుతున్నాయని, చెప్పు జారిపోయినా తెలియట్లేదని అంటోంది. అదే టెక్నీషియన్. అమ్మ ఆయన్ని "బాబూ, గట్టిగా కొట్టకు నాయనా" అంది. ఆయన ప్రతి దెబ్బకీ ముందు చెప్పి కొట్టారు. రెండు కాళ్లకీ పిక్క వెనక నుంచి పాదం పక్కకి దిగే స్యూరల్ నరం సెన్సరీ చూశారు, పాదం కండలకి వెళ్లే టిబియల్, పెరోనియల్ నరాల మోటార్ చూశారు. మొత్తం ఆరు. నా అలవాటు కొద్దీ 95909 అనుకున్నాను. స్యూరల్‌లో రెండు వైపులా అల చాలా చిన్నగా వచ్చింది. షుగరు వాళ్లకి తరచుగా పాదాల దగ్గర సెన్సరీ నరాలే ముందు దెబ్బతింటాయి. అమ్మ మంచం దిగుతూ నా మొహం చూసి "ఏమైందే" అంది. ఏం లేదమ్మా, పాదాలు జాగ్రత్తగా చూసుకోవాలంట అన్నాను.

ఈసారి బిల్లులో ఈఎంజీ అన్న మాట లేదు. ఎన్‌సీఎస్, బోత్ లోయర్ లింబ్స్ అని ఉంది. ఇప్పటికీ ఒకటే లైను, ఆరు నరాల పేర్లు రాయలేదు. కానీ పట్టిక పేజీలు అడగకుండానే కవర్లో పెట్టి ఇచ్చారు. అందరికీ ఇస్తున్నారా, నాకే ఇచ్చారా అని అడిగితే "ఇప్పుడు అందరికీ ఇస్తున్నం" అన్నాడు కౌంటర్ అబ్బాయి.

వెళ్లేవాళ్లకి: ముందు ఫోన్ చేసి చిట్టీ ఫోటో పంపండి. పదింటి స్లాట్ తీసుకోండి, మధ్యాహ్నం రద్దీగా ఉంటుంది. చేతులకి, కాళ్లకి నూనె గానీ క్రీమ్ గానీ రాయకండి. గాజులు, ఉంగరాలు, వాచీ ఇంట్లోనే తీసి పెట్టుకుని వెళ్లండి, చేతులు మోచేతి పైకి మడిచే వీలున్న బట్టలు వేసుకోండి. గుండెకి పేస్‌మేకర్ ఉంటే ఫోన్‌లోనే చెప్పండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే, సూది పరీక్ష రాసి ఉంటే, అదీ చెప్పండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే లిఫ్ట్ పనిచేస్తోందా అని అడగడం మర్చిపోవద్దు; అమ్మని రెండు అంతస్తులు ఎక్కించేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. బండి కింద సెల్లార్‌లో పెట్టుకోవచ్చు, కారుకి చోటు దొరకదు. బిల్లు చేతికి రాగానే కౌంటర్ దగ్గరే నిలబడి, చిట్టీ పక్కన పెట్టుకుని చదవండి.